రాగి కలిపిన పొరలు

దల్వినాకు భయం పుట్టుకతో వచ్చిన ఆస్తి. వెరెదా సెకా ఊళ్ళో ఆమె చిన్నతనం ఎరిగినవాళ్ళు ఎవరైనా ముందు ఆ సంగతే చెబుతారు. ఉరుము వినబడితే మంచం కింద దూరేది. ఎద్దుల బండి ఎక్కమంటే ఏడ్చేది. పాము అనే మాట చెవిన పడితే ఆ రోజంతా పెరట్లో అడుగు పెట్టేది కాదు. అక్క ఇరాసి మాత్రం అలా కాదు. అక్క ముందు నడిస్తే చెల్లెలు ఆమె గౌను అంచు పట్టుకుని వెనక నడిచేది. తల్లి పోయాక ఆ అంచును ఇంకా గట్టిగా పట్టుకుంది. "ఈ పిల్లని చూస్తే మా కోడిపెట్టకి కూడా ధైర్యం వస్తుందర్రా!" అని గుమెర్సిందో బాబాయ్ నలుగురిలో అంటే ఊరంతా నవ్వేది. నవ్వేటప్పుడు అందరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. కొత్తవాళ్ళు దాన్ని సిగ్గనుకుంటారు.

అది సిగ్గు కాదు, నీళ్ళ చలవ. మినాస్ రాష్ట్రానికి ఉత్తరాన ఉన్న ఆ మెట్టలో ఏరు లేదు, చెప్పుకోదగ్గ వాన లేదు. ఉన్నది బోరు ఒక్కటే. బోరు నీళ్ళలో ఫ్లోరైడు. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చేసరికి పిల్లల పళ్ళ మీద పసుపు గీతలు, పెళ్ళీడు వచ్చేసరికి గోధుమరంగు మచ్చలు, ముసలితనానికి ముందే వంగిన నడుములు. లోకంలో ఉన్నవాటికీ లేనివాటికీ భయపడ్డ దల్వినా ఆ నీళ్ళకి మాత్రం భయపడలేదు. అందరూ తాగారు, ఆమె కూడా తాగింది.

పెద్దయ్యాక పక్క ఊరి బడిలో రసాయనశాస్త్రం టీచరైంది. మచ్చల పళ్ళ పిల్లలకి మచ్చల పళ్ళ టీచరు. పాఠం చెబుతున్నప్పుడు మొదటి వరసలో ఒక పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని జవాబు చెప్పింది. ఆ రోజు ఇంటికొచ్చి ఆమె అన్నం ముట్టలేదు. తోటివాళ్ళు పుస్తకాలు అటకెక్కించే వయసులో ఆమె వాటిని దించి, దక్షిణాన ఎక్కడో ఉన్న జూయిజ్ దె ఫోరా నగరానికి పరిశోధన చెయ్యడానికి బయల్దేరింది. బస్సు ఎక్కేటప్పుడు ఇరాసి ఆమెను ముందుకు తొయ్యాల్సి వచ్చిందట.

అక్కడ కూడా భయమే దారి చూపించింది. ఆమ్లం చేతి మీద పడుతుందేమోనని భయం, గాజు బుడ్డి పగులుతుందేమోనని భయం. రసాయనాలు ముట్టుకోకుండా కంప్యూటర్లోనే చేసే రసాయనశాస్త్రం ఒకటుందని ప్రొఫెసర్ అదల్జీసా చెప్పినప్పుడు దల్వినా ప్రాణం లేచొచ్చింది. అందులో ఏదీ పేలదు, ఎవరికీ ఏమీ కాదు అనుకుంది పాపం.

ఆమె చేసిన పని చెప్పుకోవడానికి కష్టమేమీ కాదు. కొన్ని ఖనిజాలు అట్ల దొంతరలా ఉంటాయి. ఒక్కో అట్టు ఒక పరమాణువు మందాన ఉన్న లోహపు పొర. అందులో మెగ్నీషియం ఉంటుంది, అక్కడక్కడ దాని బదులు అల్యూమినియం కూర్చుంటుంది. ప్రతి లోహపు పరమాణువు చుట్టూ ఆరు ఆక్సిజన్లు. అల్యూమినియం కూర్చున్నచోట పొరకి ధనావేశం ఎక్కువై, పొరల మధ్య సందులోకి ఫ్లోరైడును లాక్కుంటుంది. ఏ లోహం ఎంత పాలు ఉందన్నదాన్ని బట్టి పొరలు దగ్గరవుతాయి, దూరమవుతాయి, నిలుస్తాయి, విరుగుతాయి. ఆ పాళ్ళు మార్చి మార్చి, ఏ కూర్పులో పొర హాయిగా ఉంటుందో లెక్క కట్టడమే దల్వినా పని. ఆమె లెక్కను పట్టుకుని కింది అంతస్తు ప్రయోగశాలలో క్లేబెర్ అనే కుర్రాయన నిజం పొడి తయారుచేసేవాడు. మాటకారి, తిండిపోతు, మంచివాడు. ఆమెను "టీచరమ్మా" అని పిలిచేవాడు.

మెగ్నీషియం, అల్యూమినియం పొడి ఫ్లోరైడును బాగానే పట్టింది. చిక్కల్లా పాచితో వచ్చింది. ఎండాకాలం, ఆ పొడితో చేసి తొట్టిలో పోసిన గుళికల మీద పాచి కమ్మేసి నీళ్ళు దిగడం మానేసేవి.

"రాగి కలిపితే పాచి చస్తుంది టీచరమ్మా," అన్నాడు క్లేబెర్ ఒకరోజు. "ఎంత కలపొచ్చో నీ యంత్రాన్నడిగి చెప్పు. వంటలో ఉప్పు ఎంతో అడిగినట్టే అనుకో. కానీ ఇది ఎక్కువైతే పారబొయ్యడానికి లేదు."

ఆమె అడిగింది. మెగ్నీషియంలో సగం తీసేసి రాగి పెట్టినా పొర చెక్కుచెదరదని యంత్రం చెప్పింది. క్లేబెర్ అలాగే చేశాడు. కొత్త పొడిని నీళ్ళలో నానబెట్టి చూస్తే అంతా సవ్యంగానే ఉంది. అదల్జీసా తిరగాల్సిన ఆఫీసులన్నీ తిరిగి అనుమతి తెచ్చింది. వెరెదా సెకాలో బోరు పక్కన ఒక గది కట్టి, సిమెంటు తొట్టిలో ఆ గుళికలు నింపారు.

మా వైపు కొత్త నీటి వసతికి పసిబిడ్డకి లాగే జ్ఞానతల్లి ఉండాలి. ఫాదరు వచ్చి మంత్రించిన నీళ్ళు చల్లుతారు, జ్ఞానతల్లి ఆ నీటికి పూచీ పడుతుంది. తాళంచెవి ఆమె ఇంట్లోనే ఉంటుంది. నీళ్ళకి ఏదైనా జబ్బు చేస్తే ఊరు ఆమెనే నిలదీస్తుంది. దల్వినా పేరు తప్ప ఇంకెవరి పేరు చెబుతారు? ఆమె నగరంలో ఉంటుంది కాబట్టి తాళంచెవి ఇరాసి మేకుకి తగిలించుకుంది. ఆ రోజు గుమెర్సిందో బాబాయ్ టపాకాయలు కాల్చాడు. దల్వినా చెవులు మూసుకుని అక్క వెనక నిలబడింది. కానీ నవ్వుతూ నిలబడింది. అంత సంతోషంగా ఆమెను ఎవరూ చూసి ఉండరు.

ఊరు ఆ నీళ్ళు తాగడం మొదలుపెట్టి కొంతకాలమైంది. పరిశోధన పూర్తిచేసి పెద్దల ముందు చెప్పుకోవాల్సిన రోజు దగ్గర పడింది. దానికోసం ఒక ఉదయం దల్వినా రాగి పొర బొమ్మను తెర మీద పెద్దది చేసి రంగులు వేస్తోంది. క్లేబెర్ చీజు బన్ను నములుతూ వెనక నిలబడ్డాడు.

"అబ్బ! మా అమ్మమ్మ అల్లిన లేసు కూడా ఇంత తిన్నగా ఉండదు టీచరమ్మా. గళ్ళన్నీ ఒక్కలాగే ఉన్నాయి చూడు."

దల్వినా చూసింది. గళ్ళన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఒక రాగి పరమాణువు మీద గుర్తు పెట్టి, దాని చుట్టూ ఉన్న ఆరు ఆక్సిజన్లు ఎంతెంత దూరంలో ఉన్నాయో చూసింది. ఆరూ ఒకే దూరంలో ఉన్నాయి. వెంట్రుకవాసి తేడా లేదు.

రాగి అలా ఉండదు. అది నలుగురిని దగ్గరకి లాక్కుని ఇద్దరిని దూరం నెట్టే రకం. ఆమె బడి పిల్లలకి చెప్పిన పాఠమే ఇది. మెగ్నీషియానికి ఆరుగురూ సమానమే. రాగికి కాదు.

తప్పు ఎక్కడుందో వెతకనక్కర్లేదు, ఆమెకు తెలుసు. విశ్వవిద్యాలయం మొత్తానికి ఒకటే పెద్ద యంత్రం. ఆరోగ్యకేంద్రం ముందు రోగుల్లా దాని ముందు అందరి లెక్కలూ వరస కడతాయి. లెక్క తొందరగా తెమలాలంటే ఒక ఉపాయం ఉంది. పొరకి సౌష్ఠవం ఉంది, అంటే ఒక పక్క ఎలా ఉందో అన్ని పక్కలా అలాగే ఉంటుంది అని యంత్రానికి ముందే చెప్పెయ్యాలి. అది ఒక పక్క లెక్క కట్టి మిగతావి నకలు తీసేస్తుంది. మెగ్నీషియానికి అది చెల్లుతుంది. దల్వినా ఆ పాత మెగ్నీషియం ఫైలునే తీసుకుని, లోహం పేరు మార్చి, రాగి అని రాసి పంపింది. పొరని కదలనివ్వని ఆ సౌష్ఠవం తాళం తియ్యడం మరిచిపోయింది. రాగి ఒళ్ళు విరుచుకుందామన్నా వీల్లేకుండా కాళ్ళూ చేతులూ కట్టేసి, ఇది ఎంత నిలకడగా ఉందో అని మురిసిపోయింది. అదల్జీసా చూసింది పొర తిన్నగా ఉందా లేదా అని. క్లేబెర్ చూసింది పాళ్ళ అంకె. తాళాన్ని ఎవరూ చూడలేదు.

"ఏంటి టీచరమ్మా, మొహం అలా పాలిపోయింది?"

"ఏం లేదు. కాఫీ చల్లారిపోయింది," అంది దల్వినా.

అతను నమ్మి, వేడి కాఫీ తేవడానికి వెళ్ళాడు. ఆమె తాళం తీసి, పొరను ఇంకా పెద్దది చేసి, లెక్కను మళ్ళీ వరసలో నిలబెట్టింది. పెద్ద లెక్క, తాళం లేని లెక్క. తెమలడానికి రోజులు పడతాయి. ఆ రోజులన్నీ ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. పిరికివాళ్ళకి ఒక తెలివి ఉంటుంది, పెద్ద భయం కనబడకుండా చిన్న భయాల చాటున దాక్కుంటారు. పట్టా రాదేమో, అదల్జీసా కోప్పడుతుందేమో, క్లేబెర్ ఇక టీచరమ్మా అని పిలవడేమో అని వీటన్నిటికీ వరసగా భయపడుతూ, అసలుదాని పేరు తనలో తాను కూడా పలకలేదు. తాళం తీసినా పొర తిన్నగానే ఉంటుందేమోలే అనుకుంది. కొత్త పొడి బాగానే నిలిచింది కదా అనుకుంది. కొత్త చెప్పులు ఎవరివైనా నిలుస్తాయని ఆమెకు తెలియకపోలేదు.

ఆదివారం మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"ఏమే, బతికున్నావా?"

"ఉన్నానక్కా. నీళ్ళెలా ఉన్నాయి?"

"ఓసి నీ! నన్నడగవు, నీళ్ళనడుగుతావా? భేషుగ్గా ఉన్నాయి. కాఫీ మాత్రం తాళంచెవి నాకినట్టుంటోంది. మందు నీళ్ళు కదా, అలాగే ఉంటాయిలే అంటున్నాడు బాబాయ్."

"తైనారా ఎలా ఉంది?" అని అడిగింది దల్వినా. తైనారా ఇరాసి మనవరాలు. ఇంకా కూర్చోవడం రాని పసిగుడ్డు. తల్లి పట్నంలో పనికి వెళ్తే అమ్మమ్మ దగ్గర పాలపొడి పాల మీద పెరుగుతోంది.

"పళ్ళొస్తున్నాయో ఏంటో, తాగినవన్నీ కక్కేస్తోంది. ఇంకో చిత్రం చెప్పనా, నవ్వకు. దాని తెల్లగుడ్డలు ఉతికితే నీలమో ఆకుపచ్చో తెలీని మరకలు పడుతున్నాయే. సబ్బు మంచిది కాదని కొట్టువాడితో పెద్ద యుద్ధమే చేశా."

దల్వినా గోడకి ఆనుకుంది. నీలమో ఆకుపచ్చో తెలియని ఆ రంగు ఏమిటో ఆమెకు తెలుసు.

"అక్కా, దాని పాలు ఏ నీళ్ళతో కలుపుతున్నావు?"

"ఇంకే నీళ్ళు? నీ నీళ్ళే. మన నోళ్ళు చూసుకో, ఆ పాడు బోరునీళ్ళు ఈ పిల్ల నోట్లో చుక్క కూడా పొయ్యనని దేవుడి దగ్గర ఒట్టేసుకున్నా."

తాగించొద్దు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. వెనకే ఊరంతా వచ్చింది, టపాకాయలు కాల్చిన బాబాయ్ వచ్చాడు, మొదటి వరసలో పిల్ల వచ్చింది. దల్వినా నోటి నుంచి వేరే మాట వచ్చింది.

"కాచి వాడక్కా. బాగా కాచి వాడు."

కాస్తే రాగి పోదు. నీరు ఆవిరై రాగి ఇంకా చిక్కబడుతుంది. ఆ సంగతి తెలిసిన మనిషే ఆ మాట అంది. ఫోన్ పెట్టేశాక ఆమెకు తన నోటి మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున్నే అదల్జీసా గదికి వెళ్ళి, నిలబడే అంతా చెప్పేసింది. అదల్జీసా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"లెక్క ఎంతవరకొచ్చింది?"

"సగం దాటింది మేడం."

"పూర్తి కానియ్యమ్మా. రుజువు లేకుండా ఆపేస్తే, ఇంకోసారి ఏ మంచి నీళ్ళు ఇస్తామన్నా ఆ ఊరు నమ్మదు. నాకు మాత్రం భయం లేదనుకున్నావా? సంతకం నాది."

ఇద్దరూ ఆ గదిలోనే కూర్చుని అప్పటిదాకా వచ్చిన లెక్కను తెర మీద తెరిచారు. పొర తిన్నగా మొదలైంది. తరవాత మెల్లిగా వంకర పోయింది. రాగి పరమాణువులు ఒక్కొక్కటే పక్కవాటిని నెట్టుకుంటూ ఒక మూలకి చేరాయి. ఆ మూల పొర ఉబ్బి, పగిలి, ఒక రాగి పరమాణువు ఆక్సిజన్లను వదిలేసి నీళ్ళ సందులోకి జారింది. దాని వెనక ఇంకొకటి. చప్పుడు లేదు, పేలుడు లేదు. దల్వినా చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉంది. ఆ జారుతున్నది ఎవరి పాలసీసాలోకో ఆమె కళ్ళకు కనబడుతోంది. అదల్జీసా ఇక ఆలస్యం చెయ్యలేదు, ఫోన్ అందుకుని మునిసిపల్ ఆఫీసుకి కలిపింది. బండి ఖాళీ అయ్యాక నీళ్ళు ఆపడానికి మనిషిని పంపుతామన్నారు.

దల్వినా వరండాలోకి వచ్చి అక్కకి ఫోన్ చేసింది.

"అక్కా, ఆ నీళ్ళు తాగకండి. ఎవరూ తాగొద్దు. ఇప్పుడే ఆపెయ్యండి."

అవతల ఇరాసి నవ్వింది. పక్కన ఎవరితోనో, "మా చెల్లికి మళ్ళీ భయమేసింది" అంది. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు.

"నిజంగా చెబుతున్నానక్కా!"

"నువ్వెప్పుడు అబద్ధంగా భయపడ్డావులే! ఉరుముకీ నిజంగానే భయపడ్డావు, బల్లికీ నిజంగానే భయపడ్డావు. పెళ్ళి ముందు నాక్కూడా ఇలాగే కాళ్ళు వణికాయి. పరీక్ష అయిపోతే అదే తగ్గుతుంది. ఉంటా, పిల్ల ఏడుస్తోంది."

పులి వచ్చినప్పుడు నాన్న రాని కథ అందరికీ తెలిసిందే. ఆ కథలో పిల్లాడు అబద్ధాలాడాడు. దల్వినా లేని భయం ఒక్కసారి కూడా నటించలేదు, భయపడింది అంతే. అయినా ఎవరూ రాలేదు.

క్లేబెర్ సంగతి విని ఒక్క పరాచికం కూడా ఆడలేదు. మొహం కడుక్కుని వచ్చి, రాగిని పట్టే పరీక్ష కాగితాల డబ్బా ఆమె సంచిలో పెట్టాడు. "పొడి చేసింది నేను. నువ్వు చెప్పిన పాళ్ళని ఒక్కసారన్నా అనుమానించలేదు," అన్నాడు. మిగిలిన పొడిని పరీక్షించడానికి అతను ఉండిపోవాల్సి వచ్చింది. ఆమె ఒక్కతే ఉత్తరం వైపు బస్సెక్కింది. ఆ దారంతా ఆమె ఏమీ తినలేదు. కునుకు పట్టినప్పుడల్లా పసిపిల్ల కక్కుతున్న శబ్దం వినబడి ఉలిక్కిపడి లేచేది. బస్సు లోయ అంచున తిరిగినా ఆమె కిటికీ వైపు చూడలేదు. ఆమెకు బస్సు భయం గుర్తే రాలేదు.

ఊళ్ళో దిగేసరికి ఎండ బాగా ఎక్కింది. నీళ్ళగది ముందు బిందెలు, బకెట్లు, వాటి పక్కన కబుర్లు. కొళాయి దగ్గర గుమెర్సిందో బాబాయ్ ఉన్నాడు.

"ఓహో, జ్ఞానతల్లి వచ్చిందర్రా! టపాకాయలు లేవమ్మా, భయపడకు," అన్నాడు.

దల్వినా సంచిలోంచి కాగితాల డబ్బా తీసింది. గ్లాసులో నీళ్ళు పట్టి కాగితం ముంచింది. తెల్ల కాగితం చూస్తుండగానే రంగు తిరిగింది. డబ్బా మీద ప్రమాదం అని ఉన్న గడిని కూడా దాటి ముదిరింది. ఆమె దాన్ని అందరికీ చూపించింది.

"ఇది రాగి. తొట్టిలోంచి వస్తోంది. కడుపులో వికారం, వాంతులు, పసిపిల్లలకైతే కాలేయం చెడుతుంది. దయచేసి ఈ బిందెలు పారబొయ్యండి."

"ఆ కాగితం ఎవరిచ్చారు?" అన్నాడు బాబాయ్.

"మా ప్రయోగశాల వాళ్ళు."

"పొడి ఎవరిచ్చారు?"

దల్వినా తలొంచుకుంది.

"వాళ్ళేనా! అప్పుడు పొడిని నమ్మమన్నారు, నమ్మాం. ఇప్పుడు కాగితాన్ని నమ్మమంటున్నారు. రేపు ఇంకోటి తెస్తారు. మేమేమన్నా మీ బళ్ళో పిల్లలమా తల్లీ?"

ఆ మాటలో తప్పేముంది? బిందెలు నిండుతూనే ఉన్నాయి. ఆమె వాటి మధ్య నుంచి దాటుకుని అక్క ఇంటికి పరుగెత్తింది.

ఇరాసి వంటింట్లో ఉంది. పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు సలసల కాగుతున్నాయి. తైనారా ఆమె భుజం మీద వడలిపోయి పడుకుంది. కళ్ళ తెల్లగుడ్లు పచ్చబడ్డాయి. ఏడ్చే ఓపిక కూడా ఉన్నట్టు లేదు.

దల్వినా పొయ్యి ఆర్పి, గిన్నె తీసుకెళ్ళి పెరట్లో ఒలకబోసింది.

"పిచ్చి గాని పట్టిందా? బాగా కాగాయే, దాని పాలకి!"

"తాళంచెవి ఇయ్యక్కా. తొట్టి ఖాళీ చెయ్యాలి."

"ఇయ్యను. ఖాళీ చేస్తే దీనికేం పట్టమంటావు? ఆ బోరునీళ్ళా? ఒట్టేశానన్నానా లేదా?"

"ఇవి విషం అక్కా."

"అవి మాత్రం అమృతమా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. దల్వినా నేల మీద కూలబడింది. ఇక దాక్కోవడానికి ఏ చిన్న భయమూ మిగల్లేదు.

"తప్పు నాదక్కా. యంత్రానిదీ కాదు, పొడిదీ కాదు. రాగిని మెగ్నీషియం అనుకోమని నేనే చెప్పాను. అది కదలకుండా కట్టేసి లెక్క చూశాను. తాళం తియ్యడం మరిచిపోయాను. తొట్టిలో దాన్ని ఎవరు కట్టేస్తారు? విడిపోయి నీళ్ళలోకొచ్చింది."

ఇరాసికి పొరలూ రాగీ అర్థమయ్యాయో లేదో గాని చెల్లెలి మొహం అర్థమైంది. పిల్లని ఇంకో భుజం మీదకి మార్చుకుంది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

దల్వినా తైనారా పచ్చబడ్డ కళ్ళ వైపు చూసింది.

"నేను ఫోన్ చేసిన ఆదివారానికి తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ కాచమన్నావు."

"అవునక్కా."

"రోజూ కాచాను. నువ్వన్నావని, ఇంకాస్త, ఇంకాస్త అని కాచాను."

ఇరాసి కేకలు వెయ్యలేదు, తిట్టలేదు. మేకుకున్న తాళంచెవి తీసి చెల్లెలి ముందు నేల మీదకి విసిరింది. పిల్లని దుప్పట్లో చుట్టి, ఆరోగ్యకేంద్రం బండి కోసం వీధిలోకి వెళ్ళిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

ఆ తాళంచెవి పట్టుకుని దల్వినా నీళ్ళగదికి వెళ్ళింది. బాబాయ్ అడ్డం నిలబడ్డాడు. ఆమె ఆగలేదు.

"ఈ నీటికి జ్ఞానతల్లిని నేను. జబ్బు చేస్తే నన్నే అడుగుతారు కదా బాబాయ్. జబ్బు చేసింది. తప్పుకో."

ఆయన ఆమె మొహం చూసి ఏమనుకున్నాడో గాని తప్పుకున్నాడు. ఆమె తొట్టి అడుగు మర తిప్పేసి, నీళ్ళు పోయాక లోపలికి దిగి పారతో గుళికలు ఎత్తి గోనెసంచుల్లో నింపింది. తీసుకెళ్ళడానికి క్లేబెర్ వాళ్ళు వస్తారు. తొట్టి గోడలు ఆకుపచ్చగా మిలమిలా మెరుస్తున్నాయి. ఒకరిద్దరు తొంగిచూసి ఆ రంగు చూశారు, మెల్లిగా తమ బిందెలు మురుగులో పారబోశారు. సాయానికి మాత్రం ఎవరూ దిగలేదు. ఒకామె, "మా పిల్లాడి కడుపునొప్పి కూడా ఇందుకేనా?" అని అడిగింది. అయ్యుండొచ్చు అంది దల్వినా. ఆమె ఉమ్మేసి వెళ్ళిపోయింది.

తైనారాను పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. దల్వినా ఊళ్ళోనే ఉండి, తిట్లు తింటూ, ఇల్లిల్లూ తిరిగి ఎవరికి ఏ నలత ఉందో అడిగి ఆరోగ్యకేంద్రానికి చెబుతూ ఉంది. వాకిట్లో అడుగుల చప్పుడైతే చాలు, అక్క ఒంటరిగా తిరిగొచ్చిందేమోనని గుండె ఆగిపోయేది. దేవుడి గూటి ముందు మోకరించి కూర్చునేది గాని ఏమని అడగాలో తెలిసేది కాదు. భయం అంటే ఏమిటో అప్పటిదాకా తనకి తెలియదని, ఉరుముకీ పాముకీ పడ్డదంతా ఆటేనని ఆమెకు అర్థమైంది.

ఇరాసి పిల్లతోనే తిరిగొచ్చింది. పిల్ల చిక్కిపోయింది గాని కళ్ళు తెల్లబడ్డాయి, పాలు నిలుస్తున్నాయి. కాలేయాన్ని ఇంకా కొంతకాలం చూస్తూ ఉండాలన్నారట. ఇరాసి చెల్లెలితో మాట్లాడలేదు. బోరు కొళాయి తిప్పి, సీసాలోకి నీళ్ళు పట్టి, పాలపొడి కలిపి, ఒళ్ళో పెట్టుకుని తాగించింది. మునిసిపాలిటీ ట్యాంకరు వచ్చేది ఎప్పుడో ఒకసారి, అవి వంటకే చాలవు. దల్వినా గుమ్మంలో నిలబడి పిల్ల గుటకలు వెయ్యడం చూసింది. అక్క ఒట్టు తీసి గట్టున పెట్టించింది తనేనని తెలుసు, అయినా చూపు తిప్పుకోలేదు.

బయల్దేరే రోజు సంచి సర్దుకుని వాకిట్లోకి వచ్చింది. ఇరాసి చిక్కుళ్ళు ఒలుస్తూ, తలెత్తకుండా అంది.

"మళ్ళీ చేస్తావా?"

"ఏంటక్కా?"

"ఆ పొడి. రాగి లేకుండానో, ఇంకేదన్నా వేసో. సరిగ్గా చేస్తావా, లేక అక్కడే దాక్కుంటావా?"

"నాకు భయంగా ఉందక్కా," అంది దల్వినా. ఏడుపు ఆగలేదు. "మళ్ళీ ఎక్కడ ఏం మరిచిపోతానో."

"ఉండాలి. భయపడుతూనే చెయ్యి. ఇంకెవర్ని అడగమంటావు? మనకి ఇంకెవరున్నారు?" ఇరాసి ఇప్పుడు తలెత్తింది. కళ్ళలో కోపం అలాగే ఉంది. "కానీ ఈసారి మొదటి గ్లాసు నువ్వు తాగు. ఒక గ్లాసు కాదు. నెల్లాళ్ళు నువ్వొక్కదానివే తాగి మా కళ్ళముందు తిరగాలి. నీకేం కాలేదని నేను చూశాక, అప్పుడు పిల్లకి పడతా."

దల్వినా కళ్ళు తుడుచుకుంది. తను కట్టే లెక్కను తన పేగుల్లో నెల్లాళ్ళు మొయ్యాలన్న తలపుకే ఆమె ఒళ్ళు చల్లబడింది. అందులో ఎక్కడ ఏ తాళం తియ్యకుండా ఉండిపోతుందో ఎవరికి తెలుసు?

"తాగుతానక్కా," అంది.

ఇరాసి చిక్కుళ్ళ చాట పక్కకి జరిపి, చెల్లెలు కూర్చోవడానికి చోటిచ్చింది.